పదకొండో అరుగు పలక

నమోదు 1. సోమవారం. యంత్రం వేడి 46.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, గుండ్లకమ్మ విశ్వవిద్యాలయం వారి పదకొండో అరుగు డ్యూటీ ఈ ఉదయం ఎనిమిది గంటలకు నా చేతికొచ్చింది. పేరు యల్లమంద. చదువు ఎం.టెక్. రెండో ఏడాది. పుట్టుమచ్చల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి రాయడం లేదు.

అరుగంటే ఏమిటో ప్రతి కొత్తవాడూ డ్యూటీ పుస్తకం మొదటి పేజీలో సొంత మాటల్లో రాయాలని మా యంత్రశాల అధికారి జైనాబీ మేడం ఆజ్ఞ. రాస్తున్నాను. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీలన్నీ మా తాతల కాలంలో ఒక శుక్రవారం చెప్పాపెట్టకుండా తలుపులు వేసుకున్నాయి. ప్రోగ్రాములు రాసి ఊరందరికీ ఉచితంగా పంచిపెట్టే అమాయకులంతా వీధిన పడ్డారు. అప్పుడు ముప్పై ఒక్క విశ్వవిద్యాలయాలు తలా ఒక సర్వరును బయటివాళ్ల కోసం తెరిచి పెట్టాయి. ఎక్కడివాళ్లయినా దూరం నుంచే వచ్చి కూర్చుని, పని చూసుకుని, లేచి వెళ్లిపోవచ్చు. అందుకే అరుగు. వచ్చేవాళ్లు బాటసారులు.

నియమాలు మూడు. దారిన పోయేవాళ్లకు తెరిచి పెట్టిన యంత్రం ఏదైనా, ఎక్కడున్నా, అరుగే. వచ్చిన బాటసారి తానెవరో, ఏం పని మీద వచ్చాడో వసారాలో ఒక్క వాక్యం రాయాలి. వసారా అంటే అందరికీ కనిపించే బోర్డు. బాటసారి మూట మనం విప్పకూడదు, అంటే వాళ్ల ప్రోగ్రాంలోకి తొంగి చూడకూడదు.

మా పదకొండో అరుగుకు ఒక ప్రత్యేకత ఉంది. ఇందులో ఉన్నది ముసలి జాతి చిప్పు. ఇప్పుడెవరూ తయారు చెయ్యరు. కానీ పాత రైల్వే గేట్లలో, ఆసుపత్రి పంపుల్లో, గోదావరి లాకుల్లో ఇంకా అదే నడుస్తోంది. ముప్పై ఒక్క అరుగుల్లోనూ ఆ జాతిది ఇదొక్కటే. దాని మీద టెస్టు పాసై, డ్యూటీవాడు సీలు వేస్తే తప్ప ఆ గేట్లూ పంపులూ కొత్త ప్రోగ్రాం తీసుకోవు. ఆ సీలు వేసే డ్యూటీవాడిని నేను. దేశం భవిష్యత్తు గురించి ఎవరికైనా భయం ఉంటే ఇప్పుడే చెప్పాలి.

మా యంత్రశాల మార్కాపురం దగ్గర పాడుపడిన పలకల గనిలో ఉంటుంది. కరెంటు పోయినా చదవగలిగేది ఒకటుండాలని, నాలుగు గంటలకోసారి యంత్రం వేడి, బాటసారుల లెక్క పలక మీద బలపంతో రాస్తాం. సాయంత్రం పుస్తకంలోకి ఎక్కించి తుడిచేస్తాం. పలక కెమెరాలో బాటసారులకు కూడా కనిపిస్తుంది.

మొదటిరోజే చేసిన అభివృద్ధి పనులు: ఆ మూల గోడకు తగిలించి ఉన్న పలకను వెలుతురు బాగుందని యంత్రం గాలి పీల్చుకునే జాలీ ముందుకు మార్చాను. పాత చోటులో ఎవరో మర్చిపోయిన నీళ్ల ముంత, అందులో ఒక గుడ్డపీలిక కనిపించాయి. నీళ్లు కిటికీలోని పుదీనా కుండీకి పోసి, గుడ్డ పారేశాను. తుడవడానికి మా అమ్మమ్మ చేసిచ్చిన కొబ్బరిపీచు డస్టరు తెచ్చుకున్నాను. ఎం.టెక్. చదివి తడిగుడ్డ పట్టుకోవడం బాగుండదు.


నమోదు 9. మంగళవారం. వేడి 48.

పలక మీద వేడి, లెక్క రాశాక కింద చాలా చోటు మిగులుతోంది. చోటు వృథా చేయడం జాతీయ నష్టం. ఈ రోజు నుంచి "నేటి సూక్తి" ప్రారంభించాను.

మొదటి సూక్తి: "యంత్రానికి మెస్సు లేదు, పరీక్షలు లేవు, ప్రేమ లేదు. అయినా వేడెక్కుతోంది. మనమెంత?"

గంటలో వసారాలో పద్నాలుగు నవ్వులు పడ్డాయి. ఎక్కడో రైల్వే గేట్ల ప్రోగ్రాం రాసే ఒక పెద్దాయన "మా ఆవిడకు చదివి వినిపించాను" అని రాశాడు. జీవితంలో మొదటిసారి నా మాట ఒక దాంపత్యంలోకి ప్రవేశించింది.

మధ్యాహ్నం రెండో సూక్తి రాశాను. సాయంత్రం మూడోది.


నమోదు 17. బుధవారం. వేడి 53.

చల్లదనం చూసే ఏసుపాదం అన్నను అడిగాను. గని గుంటలో నీళ్లను పంపుతో తోడి యంత్రం చుట్టూ గొట్టాల్లో తిప్పడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. నీళ్లతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడడు.

"అన్నా, యాభై మూడుకొచ్చింది. నీళ్లు సరిగా పోతున్నాయా?"

"నా నీళ్లకేం? ఏలు పెట్టి చూడు, జివ్వుమంటది."

"మరి ఎందుకు పెరుగుతోంది?"

"నీ జోకులకి ఉడికిపోతందేమో."

ఇద్దరం నవ్వుకున్నాం. ఈ మాట పుస్తకంలో రాసినందుకు నన్ను నేనే తర్వాత తిట్టుకోవాల్సి వస్తుందని ఆ నవ్వేటప్పుడు తెలియదు. (ఈ వాక్యం నమోదు 53 నాడు చేర్చాను. ఇంకు రంగు తేడా గమనించగలరు.)


నమోదు 24. బుధవారం. వేడి 58.

కొత్త బాటసారి వచ్చింది. వసారాలో ఆమె వాక్యం: "పెమ్మాడి దుర్గారాణి, కొత్తలంక లాకు లస్కర్‌నండి, సముద్రప్పోటు షట్టర్ల ప్రోగ్రాం పని మీద వచ్చానండి, ఆయ్."

కోనసీమ అని అడక్కుండానే తెలిసింది. లాకు తలుపులు ఎత్తీ దించీ చూసుకునే లస్కర్ ప్రోగ్రాములు రాయడమేమిటని అడిగాను. అడగడం తప్పు కాదు, మూట విప్పడం తప్పు.

"ఎత్తీ దించేది నేనే కదండీ తమ్ముడూ. ఎప్పుడు దించాలో నాకు తెలిసినట్టు మీ ఎం.టెక్కులకి తెలుస్తాదేటండీ?"

ఆమె చెప్పిన సంగతి ఇది. సముద్రం పెరిగాక లంకల చుట్టూ కట్ట వేసి ఆరు వందల నలభై షట్టర్లు పెట్టారు. ప్రతి షట్టరులో ముసలి జాతి చిప్పు. పోటు వచ్చేముందు షట్టరు దిగాలి, లేకపోతే ఉప్పునీరు వరిచేలలోకి ఎక్కుతుంది. ఒకసారి ఎక్కితే మూడేళ్లు గింజ పండదు. ఇప్పుడున్న ప్రోగ్రాంలో పోటువేళల పట్టిక ఈ నెల అమావాస్యతో అయిపోతోంది. కొత్త పట్టికతో కొత్త ప్రోగ్రాం ఆమె రాస్తోంది. అమావాస్యలోపు దానికి సీలు పడాలి.

"డెబ్బై మంది లస్కర్లమండి. ఒక షట్టరు చేత్తో తిప్పాలంటే నలుగురు కావాలి. అన్నీ తిప్పలేం. అందుకే ఈ బాధంతానండి. అన్నట్టు మీ సాయంత్రం జోకు బాలేదండి."

ఆమె మీద గౌరవం, కోపం ఒకేసారి కలిగాయి.


నమోదు 33. శుక్రవారం. వేడి 64.

వసారాలో దుర్గారాణి: "తమ్ముడూ, నాలుగు వందల టెస్టుల్లో రెండు వందల పంతొమ్మిదోది పొద్దున పాసై మధ్యాహ్నం ఫెయిలవుతోందండి. యంత్రం బానే ఉందా అండి?"

నేను: "అక్కా, యంత్రానికి యాభై ఏళ్ల అనుభవం. మీ ప్రోగ్రాంకి తొమ్మిది రోజులు. పెద్దవాళ్ల మాట వినండి."

దీనికి ఇరవై ఆరు నవ్వులు పడ్డాయి. ఇప్పటివరకు రికార్డు.

దుర్గారాణి: "ఆయ్, అలాగేనండి. మధ్యాహ్నం కూడా పాసయ్యేలా మార్చుకుంటాను."

ఇదే వారంలో ఇంకో ముగ్గురు బాటసారులు ఇలాంటి ప్రశ్నే అడిగారు. ఒకరికి దిష్టి తీయించుకోమన్నాను. ఒకరిని మంగళవారం తలస్నానం మానేయమన్నాను. మూడో ఆయనకు సూక్తి పంపాను.

గోడ మీది థర్మామీటరు ఇరవై ఏడే చూపిస్తోంది. యంత్రంలోని సెన్సారుకు వయసైపోయి అరవై నాలుగంటోందని నా శాస్త్రీయ నిర్ధారణ.


నమోదు 41. శనివారం. వేడి 71.

దుర్గారాణి ప్రోగ్రాం నాలుగు వందలకు నాలుగు వందలు పాసైంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూసింది. నేను సీలు వేశాను. అమావాస్య పోటు పాత ప్రోగ్రాం చూసుకుంటుంది, ఆ మర్నాటి నుంచి కొత్తది.

ఆమె వసారాలో రాసిన మాట: "లంకలోళ్లందరి తరఫునా అరుగుకు దణ్ణమండి."

సూక్తి: "ఈ రోజు ఆరు వందల నలభై తలుపులకు బుద్ధి చెప్పినవాడిని నేను."


నమోదు 53. గురువారం. వేడి 79.

మధ్యాహ్నం రెండుంబావుకు ఏసుపాదం అన్న గొట్టాలు చూడటానికి యంత్రం వెనక్కి వెళ్లాడు. గాలి బయటికి రావాల్సిన చోట అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

"యల్లమందా, ఇది ఊపిరి తీసుకోటంలే."

ముందుకొచ్చి జాలీ మీద చెయ్యి రాశాడు. చెయ్యి తెల్లగా వచ్చింది.

"ఏందిది, ఇబూదా? ఎవరు పూసింది?"

ఆయన పలక వైపు చూశాడు. పలక కింద చూశాడు. తర్వాత ఖాళీగా ఉన్న మూల గోడ వైపు చూశాడు.

"ముంతేది?"

"ఏ ముంత?"

"తడిగుడ్డ ముంత. ఇరవై రెండేళ్ల నించి ఆడే ఉంటది. పలక ఆ మూలుండేది ఎందుకనుకున్నావ్? బలపం పొడి మిషన్లోకి పోకుండా తడిగుడ్డతో తుడవాలి. నీకు ముందున్న పిల్ల చెప్పలా?"

చెప్పింది. అది మర్యాదకు చెప్పిన మాటనుకున్నాను. రోజుకు ఒక్కసారి, సాయంత్రం తుడవాల్సిన పలకను సూక్తుల కోసం నాలుగైదుసార్లు పొడి డస్టరుతో దులిపాను. యాభై మూడు రోజులు, జాలీకి జానెడు దూరంలో.

జైనాబీ మేడం వచ్చింది. ఆమె కోప్పడదు, అదే భయం. ఒక చిన్న కూడిక యంత్రానికిచ్చి వెయ్యిసార్లు చేయించింది. తొమ్మిది వందల తొంభై మూడుసార్లు ఒకే జవాబు. ఏడుసార్లు వేరే జవాబు.

"ఎండెక్కినాక తప్పు చేస్తంది. ఏరా, ఈ యాభై రోజుల్లో నువ్వు ఎన్నిటికి సీలేశావ్?"

"మూడు, మేడం."

"ఏంటేంటి?"

రెండు ఇంకా వాడకంలోకి రాలేదు. మూడోది చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"అంటే ఆ అమ్మాయి సరిగ్గానే రాసింది. ఈ మిషన్ తప్పు లెక్కకి సరిపోయేటట్టు దాన్ని చెడగొట్టుకుంది. మనం సీలేసిచ్చాం. ఆడ షట్టర్లలో చిప్పులు బానే ఉన్నయ్. బానే ఉన్న చిప్పు మీద ఈ ప్రోగ్రాం ఏం చేస్తదిరా?"

మూట విప్పకూడదు కాబట్టి నాకు తెలియదన్నాను.

"అయితే ఆమెనే అడుగు. వసారాలో, నీ పేరుతో, అందరూ చూసేటట్టు రాయి. నవ్వొచ్చే మాట ఒక్కటున్నా ఆ బలపం నీ చేత తినిపిస్తా."

మొదటిసారి రాసినదాంట్లో రెండు చమత్కారాలు వాటంతటవే దూరాయి. మేడం కొట్టేసింది. రెండోసారి ఒకటి. కొట్టేసింది. మూడోసారి రాసింది ఇది:

"నేను పలకను తప్పు చోట పెట్టి పొడిగా తుడవడం వల్ల పదకొండో అరుగు కనీసం మూడు వారాలుగా తప్పు లెక్కలు చేసింది. మీరు అడిగినప్పుడు చూడకుండా ఎగతాళి చేశాను. దుర్గారాణి గారి ప్రోగ్రాంకి నేను వేసిన సీలు చెల్లదు. యల్లమంద."

నలభై నిమిషాలకు దుర్గారాణి: "ఇక్కడ మా చిప్పు మీద చేత్తో లెక్క కట్టి చూశానండి. పెద్ద పోటుకి షట్టరు నలభై నిమిషాలు ఆలస్యంగా దిగుతాదండి. ఈ పది రోజులూ చిన్న పోట్లే కాబట్టి తెలీలేదు. మంగళవారం కార్తీక పౌర్ణమండి. పొద్దున తొమ్మిదీ యాభై రెండుకి పోటండి."

ఆ "అండి"లు ఒక్కటీ తగ్గలేదు. తగ్గించి ఉంటే బాగుండేది.


నమోదు 54. శుక్రవారం. వేడి 81, తర్వాత లేదు.

జాలీ లోపలి పొడి తీయాలంటే యంత్రం ఆపాలి. అది తొమ్మిదేళ్లుగా ఆగలేదు. ముసలి డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరుగుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఆపకపోతే తప్పు లెక్కలు. తప్పు లెక్కల యంత్రం మీద సరైన ప్రోగ్రాంకి సీలు పడదు.

మేడం పొద్దున ఏడింటికి, చల్లగా ఉన్నప్పుడు, స్విచ్చి ఆపింది. ఆ గదిలో తొమ్మిదేళ్లుగా ఉన్న హోరు పోయింది. పుదీనా కుండీ మీద ఈగ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

ఏసుపాదం అన్న, నేను కుంచెలతో, తడిగుడ్డలతో రెండు గంటలు తుడిచాం. బయటికొచ్చిన పొడి ఒక దోసెడు. అందులో కనీసం సగం నా సూక్తులు.

తొమ్మిదిన్నరకు స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది. పచ్చదీపం వెలిగింది. డిస్కు టిక్కు, టిక్కు, టిక్కుమని మూడుసార్లు అని ఊరుకుంది.

పదకొండుసార్లు ప్రయత్నించాం.

"లేవదు," అన్నాడు ఏసుపాదం అన్న, ఎవరో పెద్దాయన గురించి చెప్పినట్టు. టోపీ తీశాడు.


నమోదు 55. శనివారం.

యంత్రం లేదు కాబట్టి వేడి లేదు. గడి ఖాళీగా వదిలాను.

వసారా వేరే సర్వరు మీద ఉండబట్టి బతికే ఉంది. ఇరవై మూడు మంది బాటసారుల నుంచి సలహాలు. డిస్కును వెచ్చని గుడ్డలో చుట్టమని ఒకరు. కాస్త తట్టమని ఒకరు. రైల్వే గేట్ల పెద్దాయన తన ఊళ్లో ఉన్న, అదే జాతి చిప్పున్న ఒక పాత గేటు పెట్టెను పార్సిల్లో పంపుతానన్నాడు. అది చేరేది బుధవారం. పౌర్ణమి మంగళవారం.

నన్ను ఎవరూ తిట్టలేదు. ఒక్కరు తిట్టినా కాస్త తేలిగ్గా ఉండేది. మధ్యాహ్నం మెస్సులో సాంబారు పోసే ఆయన "ఏం సార్, ఈ రోజు సూక్తి లేదా?" అని అడిగితే అన్నం వదిలేసి లేచాను.

దుర్గారాణి తప్పు సవరించిన ప్రోగ్రాం ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. సీలు వేయడానికి యంత్రం లేదు.


నమోదు 56. ఆదివారం.

పొద్దున ఆరున్నరకు వసారాలో:

"జైనాబీ మేడం గారికి దుర్గారాణి రాయునది. మా కొత్తలంక రెండు వందల పద్నాలుగో షట్టరు పెట్టెలో చిప్పు బానే ఉందండి. దాన్ని షట్టరు నుంచి విడదీసి బయటికి తెరిచి పెట్టానండి. దారిన పోయేవాళ్లు ఎవరైనా రావచ్చండి. ఇది అరుగేనాండి?"

మేడం డ్యూటీ పుస్తకం మొదటి పేజీ తీయమంది. నా చేతిరాతతో ఉన్న మొదటి నియమం నా చేతే పైకి చదివించింది.

"దారిన పోయేవాళ్లకు తెరిచి పెట్టిన యంత్రం ఏదైనా, ఎక్కడున్నా, అరుగే."

"ఇంకోసారి చదువు."

చదివాను.

"అరుగే," అని వసారాలో టైపు చేసింది. తర్వాత అడిగింది: "మరి ఆ షట్టరెవరు దించుతారు, తల్లీ?"

"మేం పన్నెండు మందిమండి. మంగళవారం వంతులేసుకుని చక్రం తిప్పుకుంటాం. ఒక్కటే కదండీ. మిగతా ఆరొందల ముప్పై తొమ్మిదీ మీరు చూడండి."

మేడం కుర్చీ నా వైపు జరిపింది.

"పో. కూర్చో."

"నేనా? మేడం, నా సీలే కదా..."

"రాసిన మనిషి తన ప్రోగ్రాంకి తను సీలెయ్యకూడదు. అరుగు ఇప్పుడు ఆ అమ్మాయిది. మనం బాటసారులం. వెళ్లు. ఈసారి కళ్లు పెట్టి చూడు."

లోపలికి వెళ్లాను. తెర మీద ఖాళీ వసారా, దుర్గారాణి వాక్యం ఒకటే.

"తమ్ముడూ, ముందు మీరెవరో రాయాలండి. రూలు కదండీ."

నూట పదహారు సూక్తులు రాసిన చేతికి ఒక వాక్యం రావడానికి పావుగంట పట్టింది.

"యల్లమంద, గుండ్లకమ్మ విశ్వవిద్యాలయం, నేను చెడగొట్టిన పని సరిచేయడానికి వచ్చాను."

"ఆయ్. కూర్చోండి."


నమోదు 57. సోమవారం. కొత్తలంక పెట్టె వేడి 39.

ఆదివారం మధ్యాహ్నం నుంచి నాలుగు వందల టెస్టులు ఆరుసార్లు నడిపాను. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం. రెండు వందల పంతొమ్మిదోది విడిగా వెయ్యిసార్లు. ఒకే జవాబు వెయ్యిసార్లు. ఇరవై మూడు మంది బాటసారుల్లో పదకొండు మంది వచ్చి ఒక్కో వాక్యం రాసి, ఎవరి లెక్క వాళ్లు విడిగా చేసి సరిపోల్చారు. రైల్వే గేట్ల పెద్దాయన రాసింది: "మా ఆవిడ పంపింది, ఆ అబ్బాయికి తోడుండమని."

పెట్టె చుట్టూ దుమ్ము ఉందేమో చూడమని దుర్గారాణిని మూడుసార్లు అడిగాను.

"లేదండి. తడిగుడ్డ పెట్టి తుడిచానండి. నాలుగోసారి అడిగితే కాల్వలోకి నెడతానండి."

సాయంత్రం నాలుగింటికి సీలు వేశాను. వేసేముందు మేడం వైపు చూశాను. ఆమె కిటికీలోంచి పుదీనా వైపు చూస్తోంది. చూడమన్నది నన్ను కదా. మళ్లీ ఒకసారి మొదటి నుంచి చూసి, వేశాను.

ఆరింటికల్లా ఆరు వందల ముప్పై తొమ్మిది షట్టర్లూ ప్రోగ్రాం తీసుకున్నాయి.


నమోదు 58. మంగళవారం. కార్తీక పౌర్ణమి.

షట్టరు దిగగానే "మూశాను" అని ఒక మాట పంపుతుంది. తొమ్మిదింటి నుంచి ముగ్గురం తెర ముందే ఉన్నాం. ఏసుపాదం అన్నకు తోడడానికి నీళ్లు లేవు. అయినా పంపు దగ్గర నుంచి స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు.

తొమ్మిదీ ఎనిమిదికి మొదటి "మూశాను". తొమ్మిదింబావుకు డెబ్బై. తొమ్మిదిన్నరకు మూడు వందల పది.

"నిదానంగా పోతన్నయ్," అన్నాడు ఏసుపాదం అన్న.

"అట్టాగే పోవాల్లే. ఒక్కో కాల్వకి పోటు ఒక్కో టైమొస్తది," అంది మేడం. కానీ ఆమె కాలు ఆగకుండా ఊగుతోంది.

తొమ్మిదీ నలభై నాలుగుకు ఆరు వందల ముప్పై ఏడు. రెండు ఆగిపోయాయి. ఎక్కడివో చూశాను. రెండూ తుప్పు పట్టిన షట్టర్లని రాసి ఉంది. అక్కడి లస్కర్లు గడ్డపారలతో కొట్టి దించారు. తొమ్మిదీ నలభై తొమ్మిదికి ఆరు వందల ముప్పై తొమ్మిది.

ఇంక రెండు వందల పద్నాలుగోది ఒకటే. దానికి "మూశాను" అని చెప్పే చిప్పు షట్టరు వదిలేసి, అరుగై, మా పని మీదే కూర్చుని ఉంది. మనుషులు చెప్పాలి.

తొమ్మిదీ యాభై. యాభై ఒకటి. తెర మీద ఏమీ లేదు. యాభై రెండు. పోటు వేళ. యాభై నాలుగు. మేడం కాలు ఊగడం ఆగింది.

యాభై ఆరుకి:

"మూశామండి. ఎప్పుడో మూశామండి. చేతులు బొబ్బలెక్కి టైపు కాలేదండి."

ఏసుపాదం అన్న స్టూలు మీద నుంచి లేచి, అలవాటు కొద్దీ, ఆగిపోయిన యంత్రం వెనక్కి వెళ్లి అరచెయ్యి పెట్టి చూశాడు.


నమోదు 60. గురువారం.

విచారణ సంఘం తీర్పు: పదకొండో అరుగు డ్యూటీ నుంచి యల్లమందను తొలగించడమైనది. చచ్చిపోయిన యంత్రం కాపలా నుంచి తొలగించడమంటే ఏమిటని అడగబోయి నోరు మూసుకున్నాను. మూసుకోవడం నేర్చుకుంటున్నాను.

దాంతోపాటు, చదువు అయిపోయేదాకా యంత్రశాల గదులన్నింటి పలకలనూ రోజుకు రెండుసార్లు నేనే తుడవాలి. తడిగుడ్డతో. ముంత నేనే నింపుకోవాలి.

పుస్తకం తిరిగి ఇవ్వబోతే మేడం తీసుకోలేదు. "మొత్తం రాయి. పదకొండో అరుగు ఇప్పుడు కొత్తలంకలో ఉంది గదా. నువ్వు బాటసారివి. బాటసారి రాయకూడదని ఏ రూల్లో ఉందిరా?" అంది.


నమోదు 71. సోమవారం. కొత్తలంక వేడి 38.

రైల్వే గేట్ల పెద్దాయన పంపిన పాత గేటు పెట్టె మా గది నుంచి కొత్తలంకకు చేరింది. దాంట్లో చిప్పు అరుగుకిచ్చి, రెండు వందల పద్నాలుగో షట్టరుకు దాని చిప్పు తిరిగి పెట్టేశారు. ముప్పై ఒక్క విశ్వవిద్యాలయాల జాబితాలో పదకొండో నంబరుకెదురుగా ఇప్పుడు "కొత్తలంక లాకు" అని ఉంది. డ్యూటీలో ఉన్నవారు: పెమ్మాడి దుర్గారాణి.

పది గంటలకు వెళ్లి వాక్యం రాశాను: "యల్లమంద, ఊరికే చూసిపోదామని వచ్చాను."

"కెమెరా పెట్టానండి. చూడండి."

చూశాను. లాకు గది సున్నపు గోడ. అరుగు పెట్టె ఒక వైపు. దానికి బాగా దూరంగా, ఆ మూల గోడకు, ఒక నల్లటి పలక. దాని కింద నీళ్ల ముంత, అంచు మీద మడత పెట్టిన గుడ్డ.

"మార్కాపురం పలకేనండి. జైనాబీ మేడం గారు పంపారు. బాగుందా అండి?"

"బాగుందక్కా. ఏమీ రాయలేదేం?"

జవాబొచ్చింది.

"మీరొస్తారని తెలుసండి. అందుకే బలపం దాచేశాను."